మండువా ఇంటికి స్పీకర్లు, వాటికి తగిన యాంప్లిఫయర్

స్పీకర్లు కొనేవారు సాధారణంగా మొదట వాట్ల గురించే అడుగుతారు. అంతకంటే ముందు స్పీకర్ వెనుక ముద్రించిన ఓమ్‌ల (కరెంటుకు స్పీకర్ ఎంత అడ్డు చెబుతుందో తెలిపే కొలత) అంకెను, యాంప్లిఫయర్ వెనుక రాసి ఉన్న ఓమ్‌ల పరిమితిని పక్కపక్కన పెట్టి చూడాలి. స్పీకర్ మీది అంకె చెరిగిపోయి ఉంటే మల్టీమీటరు పెట్టి చూడవచ్చు. 8 ఓమ్‌ల స్పీకర్ సుమారు 6 చూపుతుంది, 4 ఓమ్‌లది 3కు కాస్త అటూ ఇటూ చూపుతుంది.

కోనసీమ, పాలకొల్లు ప్రాంతాల్లోని పాత మండువా (నడుమ ఆకాశం కనిపించే ఖాళీ ఉన్న) ఇళ్లలో నాలుగు వసారాలకూ నాలుగు స్పీకర్లు పెట్టాలనిపించడం సహజమే. అయితే ఒక చానల్‌కు (ఎడమ లేదా కుడి ఔట్‌పుట్‌కు) 8 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా, అంటే రెండింటి వైర్లూ అవే టెర్మినళ్లకు వచ్చేలా కలిపితే యాంప్లిఫయర్ మీద పడే లోడు 4 ఓమ్‌లవుతుంది. దాని వెనుక "6–16 ఓమ్‌లు" అని ఉంటే అలా కలపకూడదు. ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, చివరకు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. అవే రెండింటిని సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపితే 16 ఓమ్‌లవుతాయి. శక్తి సుమారు సగానికి తగ్గినా యాంప్లిఫయర్‌కు ముప్పుండదు.

ఇక సెన్సిటివిటీ, అంటే ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందన్నది. వాట్లకంటే నేను ఎక్కువగా నమ్మే అంకె ఇదే. 87 డెసిబెల్స్ స్పీకర్‌కు 100 వాట్లు కావలసిన చోట 90 డెసిబెల్స్ స్పీకర్‌కు 50 వాట్లు చాలు, ఎందుకంటే 3 డెసిబెల్స్ పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. నాలుగు గోడల గదిలో శబ్దం తిరిగి మన వద్దకే వస్తుంది గనుక ఈ తేడా అంతగా తెలియదు. మండువాలో అది ఆకాశంలోకి పోతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందువల్ల అటువంటి ఇంటికి సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లే మేలు.

వాట్లు పోల్చేటప్పుడు ఆర్ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల శక్తి) అంకెనే తీసుకోవాలి. పెట్టె మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరిట వేసే అంకె) కేవలం అలంకారం. యాంప్లిఫయర్ చిన్నదైతే స్పీకర్‌కు ప్రమాదం లేదనుకోవడమూ పొరపాటే. సంక్రాంతి సందడిలో 20 వాట్ల యాంప్లిఫయర్‌ను చివరికంటా తిప్పితే తరంగాల శిఖరాలు తెగిపోయి, ఆ వికృత శబ్దంలోని హై ఫ్రీక్వెన్సీ శక్తి ట్వీటర్‌ను (సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకర్‌ను) కాల్చివేస్తుంది. గొంతు బొంగురుపోయినట్టు వినబడగానే వాల్యూమ్ తగ్గించాలి.

వైరు విషయం క్లుప్తంగా: పది మీటర్ల వరకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. ఎరుపును ఎరుపుకే, నలుపును నలుపుకే కలపాలి, లేకపోతే బేస్ (లోతైన ధ్వని) పలచబడుతుంది. నరసాపురం, అంతర్వేది వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో రాగి కొనలు పచ్చగా చిలుము పడతాయి. వానాకాలం వెళ్లాక యాంప్లిఫయర్ ఆపి, ఆ కొనలను అర అంగుళం కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించాలి.