మెట్రోకి కాస్త దూరంగా హైదరాబాద్‌లో రూమ్ తీసుకోవడం ఎలా?

ఏడాదికి ఆరేడు సార్లు రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్తుంటాను. ఓసారి నిమ్స్‌లో చూపించాల్సిన చుట్టాన్ని వెంటబెట్టుకుని, ఓసారి ఎవరిదో పెళ్లికి, ఓసారి మా అమ్మాయి హాస్టల్ మార్చడానికి. ప్రతిసారీ మెట్రో స్టేషన్‌కి కిలోమీటరు, కిలోమీటరున్నర లోపలికే రూమ్ తీసుకుంటాను. స్టేషన్ ఎదురుగా దిగితే రోజుకి ఐదారొందలు ఎక్కువ పోస్తాం, పైగా రాత్రంతా హారన్లు. మరీ లోపలికి వెళ్తే రూములో మిగిలింది ఆటోవాడికి పోతుంది. రెండు కిలోమీటర్లు దాటితే నా లెక్కలో అది వేరే ఊరు. అర కిలోమీటరు లోపు అయితే అది సోమరితనం.

ఈ మధ్య దూరంలో దిగడం తెలియక జనం పడే అవస్థ చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. మొన్నటికి మొన్న మా బావమరిది "మెట్రో పక్కనే బావా" అని కొండాపూర్‌లో దిగాడు. హైటెక్ సిటీ స్టేషన్ నుంచి వాడి రూముకి నాలుగు కిలోమీటర్లు. ఆటోలకి తగలేసిన డబ్బుతో ఇంకో రెండు రోజులు దర్జాగా ఉండొచ్చు. చెబితే వినడు.

సరంజామా

భుజానికి తగిలించుకునే సంచి, తడిసినా బాధలేని చెప్పులు, గొడుగు, ఛార్జింగ్ ఉన్న ఫోను. చక్రాల సూట్‌కేసు వద్దు. ఎందుకని అడిగితే, ఒకసారి హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద లాగి చూడండి.

ముందు లైను, తర్వాత రూము

మీ పని ఎక్కడో చూసుకుని అదే లైను మీద రూము వెతకండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రెడ్ లైను, నాగోల్ నుంచి రాయదుర్గ్ దాకా బ్లూ, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా గ్రీన్. రెడ్డూ బ్లూ అమీర్‌పేటలో కలుస్తాయి. నిమ్స్‌లో పనైతే రెడ్ లైనులో పంజాగుట్ట దగ్గరో ఎర్రమంజిల్ దగ్గరో దిగాలి. మెట్రో రాయదుర్గ్‌తో ఆగిపోతుంది కాబట్టి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పని ఉన్నవాళ్లు అక్కడే ఎక్కడో రూము చూసుకోండి, ఇదంతా మీకు అక్కర్లేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకీ మెట్రో లేదు, పుష్పక్ బస్సులే.

నేనైతే ఎస్.ఆర్.నగర్, అమీర్‌పేట వెనక సందులు దాటి ఎక్కడా దిగను. రెండు లైన్లు చేతిలో ఉంటాయి. కోచింగ్ పిల్లల పుణ్యమా అని టిఫినుకీ భోజనానికీ వెతుక్కోనక్కర్లేదు. బంజారాహిల్స్ బాగుంటుందనే వాళ్లున్నారు, కారున్నవాళ్లకి బాగానే ఉంటుంది.

డబ్బు కట్టేముందు ఆ కిలోమీటరుని చూడండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

హోటల్ ప్రకటనలో "మెట్రోకి 600 మీటర్లు" అని ఉంటుంది. అది అబద్ధం కాదు. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీస్తే 600 మీటర్లే. కానీ మీరు స్కేలు మీద నడవరు. మధ్యలో నాలా ఉండొచ్చు, రైలు పట్టాలు ఉండొచ్చు, సికింద్రాబాద్ వైపైతే మిలిటరీ వాళ్ల గోడ ఉండొచ్చు.

రెండేళ్ల కిందట మా బాబాయికి మోకాళ్లు చూపించడానికి తీసుకెళ్లి భరత్‌నగర్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. కిటికీ తీస్తే మెట్రో పోతూ కనిపిస్తోంది. బోగీలో నిలబడ్డవాళ్ల చొక్కాల రంగులు కూడా కనిపిస్తున్నాయి. అబ్బ, ఎంత దగ్గరో అనుకున్నాం. పొద్దున బయలుదేరితే తెలిసింది, మధ్యలో రైలు పట్టాలూ, పట్టాల వెంట ప్రహరీ. చుట్టూ తిరిగొచ్చి బ్రిడ్జి ఎక్కాలి. బ్రిడ్జి సగంలో బాబాయి పిట్టగోడ పట్టుకుని ఆగిపోయాడు. "ఒరేయ్, డాక్టరు చూడకముందే మోకాళ్లు అయిపోయేలా ఉన్నాయిరా" అన్నాడు. ఆ రోజు నుంచి కింద చెప్పే తనిఖీ చేయకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ కట్టలేదు.

మ్యాప్‌లో హోటల్ నుంచి స్టేషన్‌కి దారి అడగండి, నడిచే మనిషి గుర్తు మీద నొక్కి. ఎంత దూరం చూపించిందో రాసుకోండి. తర్వాత అదే దారిని కారు గుర్తు మీద, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ విడివిడిగా చూడండి. ఈ రెండోది ఎవరూ చేయరు. హైదరాబాద్‌లో చాలా చౌరస్తాలు మూసేసి యూటర్నులు పెట్టారు. హోటల్ రోడ్డుకి అవతలి వైపు ఉంటే, నడిస్తే 900 మీటర్లున్న దారి ఆటోలో రెండు కిలోమీటర్లు దాటుతుంది. పోయేటప్పుడు తక్కువా వచ్చేటప్పుడు ఎక్కువా చూపించిందంటే మధ్యలో యూటర్ను ఉన్నట్టే. అయినా ఆ రూము వదిలేయక్కర్లేదు. స్టేషన్‌కి రోడ్డుకి రెండు వైపులా మెట్లుంటాయి. టికెట్ లేకుండానే మెట్లెక్కి, గేట్లకి ఇవతలి నుంచే నడిచి అవతలి వైపు దిగొచ్చు. వచ్చేటప్పుడు హోటల్ వైపు మెట్లు దిగి అక్కడ ఆటో ఎక్కితే యూటర్ను తప్పుతుంది. డివైడర్ మీద గ్రిల్లు దూకేవాళ్లని చూస్తుంటాను, నెత్తి మీదే అంత పెద్ద వంతెన పెట్టుకుని.

ఎత్తుపల్లాలు మ్యాప్‌లో సరిగా తెలియవు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పేర్లలోనే కొండలున్నాయి. అక్కడ కిలోమీటరంటే అమీర్‌పేట కిలోమీటరు కాదు. పైగా రోడ్ నంబర్లు వరసగా ఉండవు. ఒకటీ పన్నెండూ కలిసే చౌరస్తా ఉంది అక్కడ. "రోడ్ నంబర్ 2 దగ్గరే సార్" అంటే నమ్మకండి. ఆ రోడ్డు పొడుగు చూస్తే ఏది దేనికి దగ్గరో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఫోను. హోటల్‌కి కాదు. రిసెప్షన్‌లో ఎవరెత్తినా "ఫైవ్ మినిట్స్ సార్, వాకబుల్" అంటారు. ఆ మాట వాళ్లకి నోటికొచ్చిన పద్యం. మ్యాప్‌లో హోటల్ పక్కనే ఉన్న మెడికల్ షాపు చూసి దానికి ఫోన్ చేయండి. మెడికల్ షాపే ఎందుకంటే రాత్రి పది దాకా తెరిచి ఉంటుంది, వాళ్లకి మీకు రూము అమ్మే పని లేదు, ఫోను కూడా ఎత్తుతారు. పోయిన డిసెంబరులో ఇలాగే చేశాను. "అన్నా, మీ పక్క హోటల్లో దిగుదామనుకుంటున్నానండి, రాత్రి తొమ్మిదింటికి మెట్రో దగ్గర్నుంచి నడిచి రావచ్చా?" అని అడిగితే, అటు నుంచి కాసేపు నవ్వాడు. "నడవొచ్చన్నా, గని కుక్కలుంటయి. లైట్లు గుడి దాకనే ఉన్నయి. ఆటోలు గీడ దొరకయ్, చౌరస్తకు పోవాలె" అన్నాడు. రెండు నిమిషాల్లో నాకు కావాల్సిందంతా వచ్చేసింది. ఆ రూము వదిలేశాను. ఎవరో ఏమిటో తెలియకుండా ఫోన్ చేయడం ఏం మర్యాద అని మా ఆవిడ అంటుంది. ఇంతవరకూ ఒక్కరూ విసుక్కోలేదు. ఒకాయనైతే వేరే లాడ్జి పేరు కూడా చెప్పాడు.

అడగాల్సినవి మూడే. చీకటి పడ్డాక లైట్లుంటాయా, ఆటోలు ఎక్కడ నిలబడతాయి, వానొస్తే నీళ్లు ఎక్కడ దాకా వస్తాయి. మూడోది జూన్ నుంచి అక్టోబరు దాకా తప్పనిసరి. గంట గట్టిగా కురిస్తే క్యాబ్ దొరకదు, దొరికినా రేటు చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ పూట పైన పోయే మెట్రోయే దిక్కు, కాబట్టి ఆ కిలోమీటరు మోకాలి లోతు నీళ్లలో ఉండకూడదు. పంజాగుట్ట మోడల్ హౌస్ దగ్గర వాన నీళ్లలో నిలబడ్డవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

సమీక్షలు చదివితే చాలదా అంటారు. సమీక్షలు రాసేవాళ్లలో సగం మంది క్యాబ్‌లో వచ్చి క్యాబ్‌లో పోయినవాళ్లు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయో లేదో వాళ్లు చెబుతారు. దారి సంగతి వాళ్లకేం తెలుసు?

బుకింగ్, దిగడం

ఇది తేలిక. చెక్‌అవుట్ 24 గంటలదా, మధ్యాహ్నం పన్నెండుకా అని అడగండి. గౌతమిలోనో గోదావరిలోనో పొద్దున్నే దిగేవాళ్లకి పన్నెండు లెక్క పెద్ద బొక్క, ఆరింటికి దిగితే ఆ పూటకి ఒక రోజు డబ్బు పోతుంది. 24 గంటలదే తీసుకోండి.

మొదటిసారి సామానుతో ఆటోలోనే వెళ్లండి, నడవకండి. డ్రైవరుకి హోటల్ పేరు చెబితే తెలియదు. అసలు "హోటల్" అన్నారంటే ఇరానీ చాయ్ దగ్గర దింపినా దింపుతాడు, మన భాషలో హోటలంటే తినే చోటే కదా, పడుకునేది లాడ్జి. పక్కన ఉన్న ఫంక్షన్ హాలో గుడో వైన్ షాపో పేరు చెప్పండి. దారిలో మలుపులు చూసుకుంటూ వెళ్లండి. సాయంత్రం నడిచి వచ్చేటప్పుడు అవే పనికొస్తాయి.

రోజూ రాకపోకలు

పొద్దున పూట నడకే. రాత్రి షేర్ ఆటో ఉంటే ఎక్కండి. దాని స్టాండు స్టేషన్ మెట్ల కింద ఉండదు, కొంచెం ముందుకి, చౌరస్తా దగ్గర ఉంటుంది. మెట్ల కింద నిలబడ్డ ఆటో మీకోసమే నిలబడ్డది, ధర కూడా మీకోసమే. మెట్రో టికెట్ వాట్సాప్‌లో తీసుకుంటే క్యూ తప్పుతుంది.

బస్సు ఉంటే ఇంకా మంచిది. అయితే ఒక తిరకాసు ఉంది. ఎవరినైనా ఆపి "మెట్రో ఎక్కడండీ" అని అడిగితే బస్టాపు చూపిస్తారు. ఆర్టీసీ వాళ్ల సిటీ బస్సుల్లో మెట్రో ఎక్స్‌ప్రెస్ అని ఉంది మరి. "మెట్రో రైలు" అని పూర్తిగా అడగండి. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అనే మాట 2023 డిసెంబరు నుంచి అందరి నోటా ఉంది. అది తెలంగాణ అడ్రసున్న గుర్తింపు కార్డు వాళ్లకే. మా అమ్మ ధీమాగా కార్డు చూపిస్తే కండక్టరమ్మ చూసి, "రాజమండ్రి కదమ్మా, టికెట్ తీస్కోవాలె" అంది. దిగేదాకా మా అమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

రాత్రి పదిన్నర దాటి బయట ఉండే పని పెట్టుకోకండి. పెట్టుకుంటే మెట్రోని లెక్కలోంచి తీసేసి, మొదటి రోజు బాగా నడిపిన ఆటో అతని నంబరు దాచుకుని అతనికే ఫోన్ చేయండి. ఎక్కువ తీసుకుంటాడు, తీసుకోనివ్వండి.

చివరి పొద్దు

మెట్రో పొద్దున ఆరింటికి గానీ మొదలవదు. సికింద్రాబాద్ నుంచి పొద్దున పోయే విశాఖ వందే భారత్ ఐదింటి వేళకే బయలుదేరుతుంది. ఈ సంగతి ముందురోజు రాత్రి పదకొండింటికి గుర్తొచ్చేవాళ్లు బోలెడు. ఆ రైలు ఎక్కేవాళ్లు ఆఖరి రాత్రికి రూము మార్చి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర పడుకుంటారు, అదే నయమంటారు. నాకు నచ్చదు, ఒక్క రాత్రికి రెండుసార్లు సామాను సర్దాలి. నేను ఆటో అతనికి ముందురోజు సాయంత్రమే నాలుగింటికి రమ్మని చెప్పి, మూడున్నరకి ఇంకోసారి ఫోన్ చేసి లేపుతాను. యాప్‌లో ఆ వేళకి బండి దొరుకుతుందని కూర్చుంటే, దొరికినవాడు సందులోకి రానని చౌరస్తా దగ్గరే ఆగుతాడు.

బిల్లు రాత్రే కట్టేయండి. ఆ వేళకి రిసెప్షన్‌లో కుర్రాడు షట్టరు సగం దించి, బల్ల వెనక చాప మీద ముసుగు తన్ని ఉంటాడు. అతన్ని లేపి, అతను తాళంచెవి వెతుక్కుని, షట్టరు ఎత్తేసరికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ లెక్కలో వేసుకోండి. షట్టరు కింద నుంచి వంగి వచ్చేటప్పుడు సంచి ముందు బయటికి తోసి, తర్వాత మీరు రండి.