ఆలోచనను గమనించడం, మూడవ పాఠం: ఆపగలిగే క్షణం

ఆలోచనలు మనం పిలవకుండానే వస్తాయని గత పాఠంలో చూశారు. మరి పిలవకుండా వచ్చిన దాన్ని అనుసరించి చేసే పని మనదెలా అవుతుంది? స్వేచ్ఛాసంకల్పం, అంటే మన పనులను మనమే ఎంచుకోగలమన్న భావన, గురించిన చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ పాఠంలో నేర్చుకునేది ప్రేరణ పనిగా మారేలోపు దాన్ని పట్టుకోవడం.

1983లో బెంజమిన్ లిబెట్ అనే అమెరికా శాస్త్రవేత్త తన బృందంతో చేసిన ప్రయోగం ప్రచురించాడు. పాల్గొన్నవారు తమకు తోచినప్పుడు మణికట్టు కదపాలి; కదపాలనిపించిన క్షణంలో గడియారం మీద తిరిగే చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. కదలికకు దాదాపు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో సన్నాహక విద్యుత్ సంకేతం మొదలైంది. కదపాలన్న స్పృహ మాత్రం కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు గానీ కలగలేదు. అంటే మనకు తెలిసేసరికే మెదడు పని మొదలుపెట్టిందన్నమాట.

దీంతో స్వేచ్ఛాసంకల్పం భ్రమేనని తేల్చేసినవారున్నారు. అది తొందరపాటని నా గట్టి అభిప్రాయం. మొదలైన కదలికను ఆపే అవకాశం మనసుకు ఉంటుందని లిబెట్ స్వయంగా వాదించాడు. ఆ సంకేతం అసలు నిర్ణయమే కాకపోవచ్చని, మెదడులో సహజంగా కలిగే హెచ్చుతగ్గులు పోగుపడి ఒక హద్దు దాటడమే కావచ్చని 2012లో నాడీశాస్త్రవేత్త ఆరన్ షర్గర్ బృందం చూపింది. బెర్లిన్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగంలో, సంకేతం మొదలయ్యాక కూడా పాల్గొన్నవారు కదలికను రద్దు చేసుకోగలిగారు. కదలికకు దాదాపు 200 మిల్లీసెకన్ల ముందు వరకే అది సాధ్యమైంది. పైగా ఏ కారణమూ లేకుండా మణికట్టు కదపడం వేరు, ఉద్యోగం మానాలా వద్దా అని నెలల తరబడి తర్కించుకోవడం వేరు. రెండోదాంట్లో కారణాలు బేరీజు వేసుకుంటాం, మనసు మార్చుకుంటాం, ఇతరులను అడుగుతాం. మిల్లీసెకన్ల లెక్క అంతవరకూ చేరదు.

ఇక అభ్యాసం. పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. దురద పుడుతుంది, ఫోను చూడాలనిపిస్తుంది, కాలు మార్చుకోవాలనిపిస్తుంది. వెంటనే లొంగకండి, పంతానికి పోయి అణచుకోనూ వద్దు. "కదలాలనిపిస్తోంది" అని మనసులో అనుకుని, ఆ తర్వాత కదలాలో వద్దో తేల్చుకోండి. మొదట్లో చెయ్యి కదిలిపోయాకే గుర్తొస్తుంది. అదీ గమనింపే, కొనసాగించండి.

అయితే అన్నీ ఆ ఆఖరి క్షణంలోనే ఆపాలనుకుంటే అలసిపోతారు. అంతకంటే మేలైన దారిని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపాయి: ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తానని ముందే నిశ్చయించుకోవడం. "కోపంతో జవాబు రాస్తే, పంపకుండా పక్కన పెట్టి గంట తర్వాత మళ్లీ చదువుతాను." ఇలాంటి వాక్యం ఒక్కటే, మీ జీవితంలోంచి తీసుకుని కాగితం మీద రాయండి. వారం రోజుల పాటు ఎప్పుడు పనిచేసిందో, ఎప్పుడు చేయలేదో దాని కిందే నమోదు చేయండి. నాలుగవ పాఠం ఆ నమోదుతోనే మొదలవుతుంది.