డెక్‌ల పోలిక, మూడవ పాఠం: నాలుగో టర్న్‌కు ఇవతల, అవతల

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో డెక్‌కు, అంటే ఒకరి కార్డుల కట్టకు, ఎన్ని ల్యాండ్‌లు (ఇతర కార్డులు ఆడడానికి ఖర్చు పెట్టే మానాను ఇచ్చే కార్డులు) కావాలో మొదటి పాఠంలోనూ, 60 కార్డుల డెక్‌లో ఏ కార్డును ఎన్ని ప్రతులు పెట్టుకోవాలో రెండవ పాఠంలోనూ చూశాము. ఒక డెక్‌ను మరో డెక్ పక్కన పెట్టి తూచడం ఈ పాఠం విషయం. గత పాఠాల లెక్కలు ఇక్కడ మళ్లీ అవసరమవుతాయి గనుక కాగితం, కలం దగ్గర పెట్టుకొని చదవవలసిందిగా కోరుతున్నాను.

రమ్మీలో ఆడేవారందరూ ఒకే కట్టలోంచి ముక్కలు తీసుకుంటారు కాబట్టి పంపకం అయ్యేవరకూ అందరి బలమూ సమానమే. ఈ ఆటలో ఎవరి కట్టను వారు ఇంటి దగ్గరే పేర్చుకొని వస్తారు. అందువల్ల ఏ డెక్ గొప్పది అని కొత్తవారు అడిగే ప్రశ్నకు విడిగా జవాబు ఉండదు. ఎదుట ఏ డెక్ ఉంది, ఆ ఆటలో ముందు ఎవరు ఆడుతున్నారు, ఏ టర్న్‌లో ఏమి జరుగుతుంది అనే మూడింటినీ కలిపి చూసినప్పుడే పోలికకు అర్థం వస్తుంది. వీటిలో ముందు ఎవరు ఆడుతున్నారన్నదే అందరూ మరిచిపోయే అంశం కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

పాఠం కోసం రెండు డెక్‌లు తీసుకుందాం. మొదటిది 20 ల్యాండ్‌లున్న ఎర్ర అగ్రో డెక్, అంటే మొదటి నుంచే వేగంగా దాడి చేసేది. అందులో గాబ్లిన్ గైడ్ వంటి ఒక మానా క్రీచర్‌లు (బల్ల మీద నిలిచి దాడి చేసే, అడ్డుకునే కార్డులు), ఒక మానాకు 3 డ్యామేజ్ చేసే లైట్నింగ్ బోల్ట్ వంటి బర్న్ కార్డులు ఉంటాయి. రెండవది 26 ల్యాండ్‌లున్న తెలుపు, నీలం కంట్రోల్ డెక్, అంటే ఎదుటివారిని ఆపుతూ ఆటను సాగదీసేది. అందులో రెండు మానాకు ఎదుటివారి స్పెల్‌ను (ల్యాండ్ కాని ఏ కార్డునైనా) అడ్డగించే కౌంటర్‌స్పెల్, నాలుగు మానాకు బల్ల మీద ఉన్న క్రీచర్‌లన్నిటినీ నాశనం చేసే రాత్ ఆఫ్ గాడ్ ఉంటాయి. ఈ రెండూ ఏదో ఒక పోటీ నుంచి తెచ్చిన జాబితాలు కావు, లెక్క సులభంగా కనబడాలని పేర్చినవి.

ముందు ఎర్ర డెక్ లెక్క చూద్దాం. ఎదుటివారి లైఫ్ (సున్నాకు చేరితే ఓడిపోయే అంకె) 20, ఒక్కో కార్డు సగటున 3 డ్యామేజ్ చేస్తుందనుకుంటే ఏడు కార్డులు తగిలితే ఆట ముగుస్తుంది. ముందు ఆడేవారికి మొదటి టర్న్‌లో కార్డు తీసుకునే హక్కు లేదు కాబట్టి మొదట చేతికి వచ్చే ఏడింటితో కలిపి నాలుగో టర్న్‌కు వారు చూసేవి 10 కార్డులు. 60లో 20 ల్యాండ్‌లైతే ఆ పదింటిలో సగటున 3.3 ల్యాండ్‌లు, 6.7 స్పెల్‌లు ఉంటాయి. ఆ 6.7ను మూడుతో గుణిస్తే దాదాపు 20 వస్తుంది. అంటే ఈ డెక్ మొత్తం నాలుగో టర్న్ అనే ఒక్క గడియారానికి కొలిచి కుట్టినట్టుగా ఉంటుంది. ఆటగాళ్లు దీనినే క్లాక్ అంటారు.

కంట్రోల్ డెక్ లెక్క వేరు. అది లైఫ్‌ను కాదు, కార్డులను లెక్కిస్తుంది. ఒక రాత్ ఆఫ్ గాడ్ మూడు క్రీచర్‌లను తీసుకుపోతే ఒక కార్డుకు మూడు కార్డులు చెల్లాయి, అంటే రెండు కార్డుల లాభం. ఇలాంటి లాభాలు నాలుగైదు పోగయ్యాక ఎదుటివారి చేతిలో ఏమీ మిగలదు, ఆపైన సెర్రా ఏంజెల్ వంటి ఏ పెద్ద క్రీచర్ అయినా నింపాదిగా ఆట ముగిస్తుంది. అయితే చేతిలో ఆరు కార్డులుండగా లైఫ్ సున్నాకు చేరితే ఆ లాభం ఎందుకూ పనికిరాదు. రెండు డెక్‌లూ రెండు వేర్వేరు నాణేలతో వ్యాపారం చేస్తున్నాయి కనుక వాటిని తూచే త్రాసు ఒక్కటే: నాలుగో టర్న్‌లో రాత్ పడేలోగా ఎంత లైఫ్ పోయింది?

రాత్ ఆఫ్ గాడ్ నాలుగు ప్రతులు ఉంటే కంట్రోల్ డెక్ ముందు ఆడి నాలుగో టర్న్‌కు చూసే 10 కార్డులలో కనీసం ఒకటి వచ్చే సంభావ్యత 52.8 శాతం, రెండవ వారై చూసే 11 కార్డులలో 56.5 శాతం. సగం కంటే కొంచెమే ఎక్కువ. ఈ అంకెను గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు అభ్యాసం. ఎర్ర డెక్ మీది. చేతిలో మూడు గాబ్లిన్ గైడ్‌లు, కొన్ని బోల్ట్‌లు, తగినన్ని ల్యాండ్‌లు ఉన్నాయి. గైడ్ శక్తి 2, పైగా దానికి హేస్ట్ ఉంది కాబట్టి వచ్చిన టర్న్‌లోనే దాడి చేస్తుంది. మొదటి టర్న్‌లో ఒకటి, రెండో టర్న్‌లో ఇంకొకటి దించారు. మూడో టర్న్‌లో మూడవది కూడా దించాలా, చేతిలో దాచుకోవాలా? అడ్డుకునే క్రీచర్ ఏదీ ఎదుటివైపు లేదనుకుందాం.

మీరు ముందు ఆడుతున్నట్లయితే ఆలోచించవలసిన పని లేదు. అన్నీ దించితే నాలుగు టర్న్‌లలో డ్యామేజ్ 2, 4, 6, 6, మొత్తం 18, ఒక బోల్ట్ కలిపితే 21. ఎదుటివారి నాలుగో టర్న్ మీ నాలుగో టర్న్ తరువాతనే వస్తుంది గనుక వారి చేతిలో రాత్ ఉన్నా దానిని వేసే అవకాశమే రాదు. ఇక్కడ మూడవ గైడ్‌ను దాచుకోవడం జాగ్రత్త అనిపించుకోదు, గెలుపును ఒక టర్న్ వెనక్కి నెట్టడం మాత్రమే అవుతుంది.

మీరు రెండవ వారైతే చిత్రం తిరగబడుతుంది, ఎందుకంటే వారి నాలుగో టర్న్ మీ నాలుగో టర్న్‌కు ముందే వస్తుంది. అన్నీ దించితే మూడు టర్న్‌లలో 2, 4, 6, మొత్తం 12 డ్యామేజ్. రాత్ పడితే బల్ల ఖాళీ అవుతుంది. మూడవ గైడ్‌ను దాచుకుంటే 2, 4, 4, మొత్తం 10. రాత్ పడ్డాక మీ నాలుగో టర్న్‌లో దాచిన గైడ్ దిగి 2 కొడుతుంది, మొత్తం మళ్లీ 12. డ్యామేజ్ సమానమే గానీ రెండవ దారిలో మీకు బల్ల మీద ఒక గైడ్ బతికి ఉంది. రాత్ పడకపోతే? అన్నీ దించినవారికి నాలుగో టర్న్ ముగిసేసరికి 18, దాచుకున్నవారికి 16. అంటే దాచుకున్నందుకు కట్టే వెల 2 డ్యామేజ్, అదీ 47 శాతం ఆటలలోనే. మిగతా 53 శాతంలో టర్న్‌కు 2 చొప్పున కొట్టే క్రీచర్ ఒకటి మిగులుతుంది. అవే కార్డులు, అదే చెయ్యి, ఎవరు ముందు ఆడుతున్నారన్నదొక్కటి మారితే సరైన జవాబు మారిపోయింది. నేను ఈ లెక్క కాగితం మీద వేసుకోకముందు చాలాకాలం రెండు సందర్భాలలోనూ ఒకే విధంగా ఆడి, ఓడినప్పుడల్లా డెక్‌ను తిట్టుకునేవాడిని.

ఒక చిన్న విషయం చెప్పి ముందుకు వెళ్తాను. గాబ్లిన్ గైడ్ దాడి చేసినప్పుడల్లా ఎదుటివారు తమ డెక్ పైకార్డును చూపించాలి, అది ల్యాండ్ అయితే వారి చేతిలోకి పోతుంది. దీనిని లోపంగానే అందరూ లెక్కిస్తారు. కానీ ఆ పైకార్డు రాత్ అయితే, వచ్చే టర్న్‌లో అది వారి చేతికి వస్తుందని మీకు ముందే తెలిసిపోతుంది. అప్పుడు పై శాతాలతో పని లేదు.

ఈ విధమైన ఆలోచనకు చరిత్ర ఉంది. 1996లో అట్లాంటాలో జరిగిన ఒక అర్హత పోటీలో పాల్ స్లై ఆడిన ఎర్ర డెక్‌ను జే ష్నైడర్ రూపొందించారు. అందులో ఐరన్‌క్లా ఆర్క్స్ వంటి కార్డు ఉండడం చూసి నవ్వేవారు. శక్తి 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న క్రీచర్‌ను అది అడ్డుకోజాలదు. కానీ ఎప్పుడూ దాడి చేసే డెక్‌కు అడ్డుకోలేకపోవడం నష్టమేమీ కాదు, ప్రతి టర్న్‌లోనూ ఉన్న మానా అంతా ఖర్చు కావడమే దానికి ముఖ్యం. ఇక 1999లో మైక్ ఫ్లోరెస్ రాసిన వ్యాసం ఇంకో మెట్టు ఎక్కించింది: రెండు డెక్‌లు ఎదురైనప్పుడు ఒకటి దాడి చేసే పాత్రలోనూ, ఇంకొకటి నిలదొక్కుకునే పాత్రలోనూ ఉంటాయి, తన పాత్రను తప్పుగా ఎంచుకున్నవారు ఓడిపోతారు. ఎర్ర డెక్ ఎర్ర డెక్‌తోనే తలపడినప్పుడు ఇది స్పష్టంగా కనబడుతుంది. క్రీచర్‌లు ఎక్కువున్నవారు దాడికి దిగాలి. బర్న్ ఎక్కువున్నవారు, మనస్సు ఒప్పకపోయినా, బోల్ట్‌ను లైఫ్ మీద కాకుండా ఎదుటి గైడ్ మీద వేసి కంట్రోల్ పాత్ర వహించాలి.

కాంబో డెక్‌ల గురించి, అంటే కొన్ని కార్డులను జత కలిపి గెలిచే డెక్‌ల గురించి, ఇక్కడ క్లుప్తంగా చెప్తాను. 1997లో పారిస్ ప్రో టూర్ అనే పెద్ద పోటీని మైక్ లాంగ్ గెలిచిన ప్రాస్‌బ్లూమ్ వంటి డెక్‌కు ఎదుట రాత్ ఆఫ్ గాడ్ వ్యర్థం, ఎందుకంటే నాశనం చేయడానికి క్రీచర్‌లే ఉండవు. కౌంటర్‌స్పెల్ మాత్రం బంగారం. కాబట్టి కంట్రోల్ డెక్‌ను తూచేటప్పుడు దానిలోని కార్డులలో ఎన్ని ఎవరి మీద చచ్చిపడి ఉంటాయో విడిగా రాసుకోవాలి.

మూడు ఆటల మ్యాచ్‌లో మొదటి ఆట తరువాత 15 కార్డుల సైడ్‌బోర్డ్ (ఆటల మధ్య డెక్‌లోకి మార్చుకోవడానికి పక్కన ఉంచుకునే కార్డులు) వాడుకోవచ్చు. మ్యాచ్ రెండు ఆటలలో ముగిసినా సగం, మూడు వరకూ సాగితే మూడింట రెండు వంతుల ఆట సైడ్‌బోర్డ్ తరువాతిదే. కంట్రోల్ డెక్‌లోకి టైమ్‌లీ రీఇన్‌ఫోర్స్‌మెంట్స్ వచ్చిందనుకోండి. లైఫ్ వెనుకబడి ఉంటే అది 6 లైఫ్ ఇస్తుంది, అంటే ఒక్క కార్డు రెండు బోల్ట్‌లను మింగేస్తుంది. క్రీచర్‌లు తక్కువగా ఉంటే మూడు టోకెన్‌లు (చిన్న క్రీచర్‌లు) కూడా ఇచ్చి గైడ్‌లకు అడ్డు నిలుపుతుంది. మొదటి ఆటలో ఎర్ర డెక్ ముందంజలో ఉందని కట్టిన లెక్క రెండో ఆటలో నిలవకపోవచ్చు.

ఇలా కాగితం మీద తూచిన తరువాతే ఆడి చూడండి. పది ఆటలలో ఆరు గెలిస్తే నా డెక్ మెరుగైనదని ప్రకటించకండి. రెండు డెక్‌లూ పూర్తిగా సమానమైనా పదింటిలో ఆరు లేక అంతకంటే ఎక్కువ గెలిచే అవకాశం 37.7 శాతం ఉంటుంది. ఆడిన ప్రతి ఆటకూ ఎవరు ముందు ఆడారో, ఏ టర్న్‌లో ముగిసిందో పక్కన రాసుకుంటే ఇరవై ఆటలు కూడా ఎంతో నేర్పుతాయి.

అభ్యాసం: పై ఉదాహరణలో మీరు రెండవ వారు, ఎదుటి డెక్‌లో రాత్ ఆఫ్ గాడ్ రెండు ప్రతులే ఉన్నాయి. 10 కార్డులలో కనీసం ఒకటి వచ్చే సంభావ్యత కట్టి, మూడవ గైడ్‌ను దించాలో దాచాలో కారణంతో సహా రాయండి. ఆ తరువాత ఎదుటివారి లైఫ్ 18, మీ చేతిలో మూడు బోల్ట్‌లు ఉన్నాయనుకొని మళ్లీ అదే ప్రశ్నకు జవాబు రాయండి. జవాబులను నాలుగవ పాఠం మొదట్లో సరిచూసుకొని, సైడ్‌బోర్డ్‌లోకి వెళ్దాం.