పక్క పాత్రకు సొంత సీరియల్ రాయాలంటే

మేం రాసి తీస్తున్న యూట్యూబ్ సీరియల్‌లో మునస్వామి అని ఒక రూమ్ బాయ్ ఉన్నాడు. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక పాత లాడ్జి, దాన్ని నడిపే బావాబామ్మర్దులు, వాళ్ళ తగువులు, ఇదీ అసలు కథ. రాత్రి రెండింటికి యాత్రికుల తలుపు తట్టి "సామీ, లేయండి సామీ, టైమైపోతాంది" అని లేపడం మునస్వామి పని. ఒక్క సీన్ కోసం పుట్టించిన పాత్ర అది. ఇప్పుడు లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ నిలబడితే, చూసినవాళ్ళు బావ గురించి అడగడం లేదు, బామ్మర్ది గురించీ అడగడం లేదు. "మునస్వామిది ఏ ఊరన్నా?" అంటున్నారు.

ఆ ప్రశ్న వచ్చిందంటే ఆ పాత్రకు సొంత సీరియల్ రాయొచ్చు. "భలే నవ్వించినాడన్నా" అంటే మాత్రం తొందరపడకండి. నవ్వించే పాత్రలు ప్రతి సీరియల్‌లోనూ ఉంటాయి. ఏ ఊరు, ఇంట్లో ఎవరున్నారు, పెళ్ళయిందా అని జనం చేత అడిగించుకునేవి చాలా తక్కువ. నేను పగలు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను, రాత్రిళ్ళు స్క్రిప్టులు రాస్తాను. టీవీలో పక్క పాత్రలు ఎలా హీరోలయ్యాయో శ్రద్ధగా చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మీరూ ఇలాంటి పని మొదలుపెట్టేటట్టుంటే ఇది ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు ఒక తెల్ల కాగితం మీద ఆ మనిషికి ఏం కావాలో రాయండి. హీరోకి సాయం చేయాలి, హీరోతో పోట్లాడాలి లాంటివి వస్తే కొట్టేయండి. హీరో ఊళ్ళో లేని రోజు కూడా అతని మనసులో మెదిలేది ఏదో అది కావాలి. చేయి తిరగడానికి తెలిసిన పాత్రతో మొదలుపెట్టొచ్చు. 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం' మనందరికీ గుర్తే. అమృతరావు, ఆంజనేయులు హోటల్ గొడవల్లో మునిగి ఉంటే సర్వర్ సర్వం పక్కనే ఉంటాడు. రాత్రి హోటల్ మూసేశాక సర్వం ఎక్కడికి వెళ్తాడు? ఎవరితో కలిసి అన్నం తింటాడు? ఎవరికి డబ్బు పంపుతాడు? ఈ మూడింటికీ జవాబులు మీరే ఊహించి రాయండి. రాసేటప్పుడు సర్వం మీద మీకు కొత్తగా ఇష్టం పుడితే, మీరు సరైన దారిలో ఉన్నట్టే.

మునస్వామికి ఏం కావాలన్నది నాకు మా జిల్లా భారతాల్లో దొరికింది. చిత్తూరు వైపు ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఎండాకాలంలో భారతం పెడతారు. చాలా ఊళ్ళలో 18 రోజులు జరుగుతుంది. పగలు హరికథ, రాత్రంతా వీధి నాటకం. ఆఖర్న దుర్యోధన వధ. నేల మీద పడుకోబెట్టినట్టు పెద్ద మట్టి దుర్యోధనుణ్ణి చేస్తారు, దాని చుట్టూ, దాని మీద తిరుగుతూ భీముడూ దుర్యోధనుడూ ఆడతారు. మునస్వామి తండ్రి పుత్తూరు దగ్గర పల్లెలో ఏటా దుర్యోధనుడి వేషం కట్టే మనిషి అనుకున్నాను. తన తర్వాత ఆ వేషం కొడుకు కట్టాలని ఆయన ఆశ. కట్టాల్సిన సంవత్సరం మునస్వామి వధ ముందు రాత్రి ఊరు వదిలి తిరుపతి బస్సెక్కేశాడు. ఇప్పుడు వాడికి కావలసింది ఒకటే. తండ్రి తనను పేరు పెట్టి పిలవాలి. లాడ్జి కథలో దీనికి ఎప్పటికీ చోటు దొరకదు. అందుకే దీనికి వేరే సీరియల్ కావాలి.

కోరిక దొరికాక దాన్ని వెంటనే తీర్చేయకండి. అమెరికాలో 'మేరీ టైలర్ మూర్ షో'లో రోడా అని హీరోయిన్ స్నేహితురాలు ఉండేది. పెళ్ళి కుదరడం లేదన్న బెంగ, ఆ బెంగ మీద తానే వేసుకునే జోకులు, ఇవే ఆమె బలం. 1974లో ఆమె పేరుతోనే సొంత సీరియల్ వచ్చింది. ఎనిమిదో ఎపిసోడ్‌లోనే పెళ్ళి చేసేశారు. ఆ రాత్రి 5 కోట్ల మందికి పైగా చూశారు. తర్వాత రోడాకి ఏం మిగిలింది? సుఖంగా కాపురం చేసుకుంటున్న రోడాతో కథ నడపలేక మూడో సీజన్ మొదట్లోనే మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడదీశారు. జనానికి అది నచ్చలేదు. 1978లో సీరియల్ ఆగిపోయింది. నాకు రోడా అంటే చాలా ఇష్టం, అందుకే ఇది గుర్తొచ్చినప్పుడల్లా బాధ. మునస్వామి తండ్రి నోరు మొదటి సీజన్‌లో తెరుచుకోదు.

ఇక ఊరు మార్చే సంగతి. అందరికీ తెలిసిన చిట్కా ఇదే, కానీ ఎందుకు మార్చాలో తెలియకపోతే పని చేయదు. దీనికి నేను చూసినవాటిలో అన్నిటికంటే మంచి పాఠం 'ఫ్రేజియర్'. బోస్టన్‌లోని ఒక బార్ చుట్టూ తిరిగే 'చీర్స్' సీరియల్‌లోకి 1984లో డాక్టర్ ఫ్రేజియర్ క్రేన్ వచ్చాడు. సైకియాట్రిస్టు, బాగా చదువుకున్నవాడు, అతి నాజూకు మనిషి. బీరు తాగే మామూలు జనం మధ్య కూర్చుని ఒపేరా గురించి మాట్లాడుతుంటే నవ్వొచ్చేది. అలాంటివాణ్ణి 1993లో సియాటిల్‌కి పంపి, ఒక రేడియో స్టేషన్‌లో కూర్చోబెట్టారు. అక్కడ బార్ జనం లేరు. మరి అతని నాజూకుతనం దేనికి తగులుకుని మోగాలి? అందుకని ఇంట్లోకి తండ్రిని తెచ్చారు. రిటైరైన పోలీసు, తుంటికి గాయం, పాత చిరుగుల కుర్చీని మాత్రం వదలడు. పక్కన తమ్ముడు నైల్స్‌ని పెట్టారు, అతను అన్నకంటే రెండింతలు నాజూకు. బార్‌లో అందరిలోకీ అతిగా కనిపించిన ఫ్రేజియర్, ఇక్కడ తమ్ముడికీ తండ్రికీ మధ్య నలిగే మామూలు మనిషి అయ్యాడు. మనిషిని మార్చలేదు, చుట్టూ ఉన్నవాళ్ళని మార్చారు. 11 సీజన్లు, 264 ఎపిసోడ్లు నడిచింది. 1994 నుంచి వరసగా ఐదేళ్ళు ఉత్తమ కామెడీ సీరియల్‌గా అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ తీసుకుంది.

కాబట్టి ఊరి పేరు తర్వాత చూసుకోండి. పాత కథలో మీ పాత్ర ఎవరి పక్కన నిలబడితే ఎలా కనిపించేవాడో రాసి, కొత్త చోట దాన్ని తలకిందులు చేసే మనుషుల్ని వెతకండి. లాడ్జిలో అందరూ ఏదో ఒక అబద్ధం ఆడేవాళ్ళే, మునస్వామి ఒక్కడే నిజం మాట్లాడతాడు. పల్లెకి పోతే అక్కడ వాడే అబద్ధం మోయాలి. వాళ్ళమ్మ ఊరంతా కొడుకు లాడ్జి మేనేజరని చెప్పుకుంది. "నాయనా మునీ, మీ లాడ్జీలో నీకు సపరేటు రూముందంట కదా, పెద్దమ్మోళ్ళు కొండకి పోతా ఉండారు, చెప్పు నాయనా" అని పదిమందిలో అడుగుతుంది. నిజం తప్ప మాట్లాడని మనిషికి అంతకంటే పెద్ద టెన్షన్ ఏముంటుంది?

'జెఫర్సన్స్'లో మార్పు ఇంకా తేలిగ్గా కుదిరింది. పాత సీరియల్‌లో పొరుగింటి మనిషి జార్జ్ జెఫర్సన్‌కి డ్రై క్లీనింగ్ వ్యాపారం కలిసొచ్చి, 1975లో క్వీన్స్ నుంచి మన్‌హట్టన్‌లో ఖరీదైన అపార్ట్‌మెంట్‌కి మారాడు. నోటి దురుసు పాతదే, ఇల్లు కొత్తది. పదేళ్ళు ఆడింది.

ఊరు మార్చినా కుదరనిది 'జోయి'. ఆరుగురు స్నేహితుల కథ 'ఫ్రెండ్స్' 2004లో అయిపోగానే అదే ఏడాది జోయిని న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి పంపారు. రెండు సీజన్లకే ఆగింది. నా ఉద్దేశంలో జోయి అమాయకత్వం మిగతా ఐదుగురి తెలివితేటల మధ్యే మెరిసేది. ఒంటరిగా ప్రతి సీన్‌లోనూ అతనే కనిపించేసరికి ఆ మెరుపు పోయింది. ఊరగాయ నంజుకోవడానికే బాగుంటుంది, కంచం నిండా వడ్డిస్తే తినలేం. అందుకని పాత కథలో జనం ఇష్టపడ్డ అలవాటు ఏదుందో, కొత్త సీరియల్‌లో దానికి కోత పెట్టండి. "లేయండి సామీ" అన్న మాట మునస్వామి పల్లెలో అనడు. వాడి గొంతుకి ఒక కారణం మాత్రం ఇచ్చాను. మైకు లేకుండా ఆఖరి వరస దాకా వినపడే గొంతు తండ్రిది, అదే వాడికొచ్చింది. అలవాట్లన్నిటికీ కారణాలు చెప్పుకుంటూ పోతే పాత్ర ఎండిపోతుంది. ఒక్కదానికి చెప్పండి, మిగతావి వదిలేయండి.

వెనక్కి వెళ్ళి కథ చెప్పేవాళ్ళు 'బెటర్ కాల్ సాల్' తప్పకుండా చూడాలి. 'బ్రేకింగ్ బ్యాడ్'లో సాల్ గుడ్‌మన్ 2009లో, రెండో సీజన్‌లో వచ్చాడు. రంగురంగుల సూట్లు, ఆఫీసు పైకప్పు మీద గాలి నింపిన స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ బొమ్మ, డబ్బిస్తే ఎవరినైనా బయటపడేసే లాయరు. 2015లో మొదలైన సొంత సీరియల్‌లో అతని పేరు ఇంకా జిమ్మీ మెక్‌గిల్. ఆడవాళ్ళ గోళ్ళకి రంగులేసే షాపు వెనక గదే అతని ఆఫీసు. పెద్ద లాయరైన అన్న చక్ దగ్గర గౌరవం సంపాదించాలని తాపత్రయం. చివరికి వీడు సాల్ అవుతాడని మనకి ముందే తెలుసు. తెలిసి కూడా 'వద్దురా, అటు పోవద్దు' అనుకుంటూ చూస్తాం. ముగింపు తెలియడం వల్ల ఉత్కంఠ తగ్గలేదు, బాధగా మారింది. భారతం చూసేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. తెల్లారితే దుర్యోధనుడు చస్తాడని తెలిసే రాత్రంతా కూర్చుంటారు కదా. మీ పాత్ర చివరికి ఎక్కడ తేలతాడో జనానికి ముందే తెలిసినా భయపడకండి. ఎవరి మాటకి, ఏ రోజున ఆ మలుపు తిరిగాడో చూపించండి.

అదే సీరియల్‌లో కిమ్ వెక్స్‌లర్‌ని గమనించండి. పాత సీరియల్‌లో ఆమె లేనే లేదు. ఆమెకి ఏమవుతుందో తెలియదు కాబట్టి భయమంతా ఆమె చుట్టూ తిరిగింది. పక్క పాత్ర హీరో అయ్యాక అతని పక్కన ఖాళీ ఏర్పడుతుంది, అక్కడ కొత్త మనిషి కావాలి. 'హెర్క్యులిస్'లో విలన్‌గా వచ్చిన జీనా మూడు ఎపిసోడ్లలో చనిపోవాల్సింది, 1995లోనే ఆమెకి సొంత సీరియల్ ఇచ్చారు. తోడుగా గాబ్రియేల్ అనే పల్లెటూరి పిల్లని పెట్టారు. జీనా చేసిన పాపాలు వినే చెవి ఆ పిల్లదే. మునస్వామి పక్కన నేను పెట్టింది మునెమ్మని. వాడు పారిపోయిన రాత్రి అందరూ వాడి కోసం వెతుకుతుంటే వేషం కట్టి నాటకం నిలబెట్టిన అత్తకూతురు. ఆమె మీద నాకు ఇప్పటికే భయంగా ఉంది, మునస్వామిని మించిపోతుందేమోనని.

అన్నీ రాసుకున్నాక కూడా నేరుగా కొత్త సీరియల్ మొదలుపెట్టొద్దు. పాత సీరియల్‌లోనే ఒక ఎపిసోడ్ ఆ పాత్రకి ఇచ్చి చూడండి. 1978 ఫిబ్రవరిలో 'హ్యాపీ డేస్'లో మోర్క్ అనే గ్రహాంతరవాసి ఒక్క ఎపిసోడ్‌కి వచ్చాడు, రాబిన్ విలియమ్స్ వేశాడు. జనం ఊగిపోయారు, సెప్టెంబరుకల్లా అతని సీరియల్ వచ్చేసింది. మా లాడ్జి సీరియల్‌లో బావాబామ్మర్దులు గంగమ్మ జాతర చూడ్డానికి తాతయ్యగుంటకి పోతారు. వాళ్ళు వెళ్ళాక ఎపిసోడంతా లాడ్జిలో మునస్వామిదే. పుత్తూరు నుంచి ఒక పెద్దాయన రూమ్ కోసం వస్తాడు, ముఖాన వేషానికి పూసే అర్దళం రంగు ఇంకా పూర్తిగా పోలేదు. ఇద్దరూ తండ్రీకొడుకులని ఎవరూ అనరు. ఈ ఎపిసోడ్‌లో హీరోలు ఏరీ అని జనం అడగకపోతే సీరియల్ మొదలుపెట్టొచ్చు.

దానికి ముందు పాత ఎపిసోడ్లన్నీ మళ్ళీ చూసి, పాత్ర తన గురించి చెప్పిన ప్రతి మాటా రాసి పెట్టుకోండి. ఫ్రేజియర్ 'చీర్స్'లో తన తండ్రి చనిపోయాడని, ఆయన సైంటిస్టని చెప్పాడు. సొంత సీరియల్‌లో తండ్రి బతికున్న పోలీసు. పాత స్నేహితుడు సామ్ సియాటిల్ వచ్చినప్పుడు ఆ సంగతి బయటపడింది. అప్పుడు తండ్రితో గొడవపడి కోపంలో అలా చెప్పానని ఫ్రేజియర్ ఒప్పుకున్నాడు. అతుకు వేసిన చోటే ఆ తండ్రీకొడుకుల గతం ఎంత చేదో తెలిసింది. మా మునస్వామి కూడా ఒక పాత ఎపిసోడ్‌లో "నాకెవురూ లేరు సామీ" అని ఒక యాత్రికుడితో అని ఉన్నాడు. దాన్ని అలాగే ఉంచి, పల్లెలో ఆ వీడియో వాళ్ళమ్మ ఫోన్‌లో చూసే సీన్ రాశాను.

పాత హీరోలని అతిథులుగా పిలవాలంటే మొదటి నాలుగైదు ఎపిసోడ్లు ఆగండి. ముందే వస్తే జనం కళ్ళు వాళ్ళ మీదికే పోతాయి.

భారతం నేపథ్యంగా తీయాలనుకునేవాళ్ళకి ఒక మాట. గుడి పెద్దల్ని, నాటకం మేళం వాళ్ళని ముందే కలిసి అనుమతి తీసుకోండి. వేషం కట్టినవాళ్ళలో చాలామంది ఆ రోజుల్లో నియమంగా ఉంటారు, కెమెరా ముఖం దగ్గరికి పెట్టొద్దు. రాత్రంతా పెట్రోమాక్స్ వెలుగులో జరిగినట్టు చూపించాలని ఉన్నా, ఇప్పుడు అంతటా ట్యూబ్‌లైట్లూ మైకులే, ఉన్నది ఉన్నట్టు తీయండి. మట్టి దుర్యోధనుణ్ణి చేసేటప్పుడే పోయి తీసుకుంటే మంచిది, వధ అయ్యాక ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, షాట్ దొరకదు.