సిస్టెక్టమీ క్లెయిమ్ వెనక్కొచ్చిందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

విజయవాడ, గుంటూరుల్లో కూర్చుని అమెరికా యూరాలజీ చార్టులు చూసి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం చికిత్సలకి కోడ్ నంబర్లు వేసే మెడికల్ కోడర్లకి మూత్రాశయం తీసేసే ఆపరేషన్ (సిస్టెక్టమీ) రోజూ తగలదు. తగిలినప్పుడు మాత్రం ఒక్క అంకె తేడాతో పెద్ద మొత్తం ఆగిపోతుంది. ఎక్కువ తప్పులు ఆప్ నోట్ (సర్జన్ రాసే ఆపరేషన్ రిపోర్టు) పైన ఉన్న ఆపరేషన్ పేరు చూసి కోడ్ వేసేయడం వల్లే వస్తాయి. కింద సర్జన్ రాసిన వివరణ చివరిదాకా చదవాలి.

సమస్య: 51595 వేస్తే, ఆడిటర్ 51596 అన్నారు

మూత్రాశయం తీశాక మూత్రం పోవడానికి పేగు ముక్కతో ఏం కట్టారో చూడకపోవడమే కారణం. బందరు కాలువకీ ఊరి చెరువుకీ ఉన్న తేడా ఇది. ఇలియల్ కాండ్యూట్ కాలువ లాంటిది. మూత్రం అందులో నిలవదు, స్టోమా (పొట్ట మీద పెట్టిన రంధ్రం) గుండా బయటి సంచీలోకి పోతూనే ఉంటుంది. కోడ్ 51590, రెండు పక్కలా పెల్విక్ లింఫ్ నోడ్స్ (కటి భాగంలోని లింఫ్ గ్రంథులు) కూడా తీస్తే 51595. నియోబ్లాడర్ (పేగుతో కట్టిన కొత్త మూత్రాశయం) చెరువు, అందులో మూత్రం నిలవ ఉంటుంది. అది 51596.

స్టోమా కనపడగానే కాండ్యూట్ అని తేల్చేయకండి. పేగుతోనే కట్టే ఇండియానా పౌచ్ అనే లోపలి సంచీకీ స్టోమా ఉంటుంది, కానీ రోగి క్యాథెటర్ పెట్టి ఖాళీ చేసుకుంటారు. అదీ 51596 కిందికే వస్తుంది.

సమస్య: 38770 లైన్ డినై అయింది

38770 అంటే పెల్విక్ నోడ్స్ తీయడానికి విడి కోడ్. 51595లో నోడ్స్ కలిసే ఉన్నాయి, మళ్లీ విడిగా అడిగితే ఇవ్వరు. పేగు తిరిగి అతికించడం కూడా అందులోదే. 51596 సంగతి వేరు. దాని వర్ణనలో నోడ్స్ లేవు కాబట్టి 38770కి 50 మాడిఫైయర్ (రెండు పక్కలా చేశారనే గుర్తు) పెట్టి విడిగా వేస్తారు. పంపేముందు ఆ త్రైమాసికం ఎన్‌సీసీఐ ఎడిట్ (ఏ కోడ్లు కలిపి వేయొచ్చో చెప్పే జాబితా) చూసుకోండి. రెండు పక్కలా తీశారని నోట్‌లో లేకపోతే పాథాలజీ రిపోర్టు పట్టుకుని ఊహించొద్దు, సర్జన్‌కి క్వెరీ పెట్టండి.

సమస్య: రోబోతో చేసిన కేసుకి ఓపెన్ కోడ్ పడింది

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. 2024 సీపీటీ పుస్తకంలో (పై ఆపరేషన్ కోడ్లన్నీ ఉండేది ఇందులోనే) ల్యాపరోస్కోపీతో మూత్రాశయం మొత్తం తీయడానికి సొంత కోడ్ లేదు. అందుకే ఆ పుస్తకం ప్రకారం 51595 కాకుండా అన్‌లిస్టెడ్ కోడ్ (సొంత కోడ్ లేని ఆపరేషన్లకి వాడేది) 51999 వేయాలి. నోడ్స్ కూడా రోబోతోనే రెండు పక్కలా పూర్తిగా తీస్తే 38571. ఆ తర్వాత చిన్న కోత పెట్టి, పేగు బయటికి తీసి కాండ్యూట్ కట్టారా? ఆ భాగం ఓపెన్ కాబట్టి 50820. అదే విధంగా నియోబ్లాడర్ కడితే 50825. మొత్తం లోపలే కుట్టేస్తే ఈ రెండు ఓపెన్ కోడ్లూ చెల్లవు.

అన్‌లిస్టెడ్ క్లెయిమ్ ఒట్టిగా పంపితే తిరిగొస్తుంది. ఆప్ నోట్ జతచేసి, పోలికగా ఏ ఓపెన్ కోడ్ తీసుకున్నారో, ఎందుకో కవర్ లెటర్‌లో రాయండి. నోడ్స్‌కి 38571 విడిగా వేసినప్పుడు పోలిక 51595తో పెట్టకండి, నోడ్స్‌కి రెండుసార్లు అడిగినట్టవుతుంది.

సమస్య: ఇన్‌పేషెంట్ పీసీఎస్‌లో ఒక కోడ్ ఎక్కువైంది

పీసీఎస్ అంటే ఆసుపత్రిలో చేరిన రోగుల ఆపరేషన్లకి ఆసుపత్రి వేసే కోడ్లు. అందులో నియోబ్లాడర్‌కి రూట్ ఆపరేషన్ (ఆపరేషన్ అసలు ఉద్దేశం) రీప్లేస్‌మెంట్. పాత అవయవం తీయడం అందులోనే ఉంది, రీసెక్షన్ (అవయవం మొత్తం తీయడం) మళ్లీ వేయకూడదు. కాండ్యూట్‌కి మాత్రం రీసెక్షన్, బైపాస్ (మూత్రాన్ని వేరే దారికి మళ్లించడం) రెండూ కావాలి.

సమస్య: ఏడాది తర్వాత విజిట్‌కీ సీ67.9

సీ67 అంటే మూత్రాశయ క్యాన్సర్ ఉందని చెప్పే జబ్బు కోడ్. క్యాన్సర్ తీసేసి, చికిత్స ముగిసి, ఆనవాలు లేకపోతే జెడ్85.51 (గతంలో ఆ క్యాన్సర్ ఉండేదని). స్టోమా ఉంటే, అది ఉందని చెప్పే జెడ్93.6 తోడు చేయండి. కీమో ఇంకా నడుస్తుంటే సీ67 కోడే ఉంచాలి.