కాలున్న పాత వైస్ కనిపిస్తే తూకానికి పోనివ్వకండి

ఒంగోలు, కావలి వైపు పాత ఇనుము కొట్లలో ఎప్పుడైనా నేల దాకా దిగే పొడవాటి కాలుతో ఒక వైస్ (వస్తువుని రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే పనిముట్టు) కనిపిస్తే, అది విరిగిన బెంచ్ వైస్ కాదు, కొలిమి దగ్గర వాడే లెగ్ వైస్. దీని ముందు దవడ నేరుగా జరగదు, కింద ఉన్న సీల మీద మడతబందులా తెరుచుకుంటుంది, బిగించే మర (స్క్రూ) వదులు చేస్తే మధ్యలో ఉన్న పట్టీ స్ప్రింగ్ దాన్ని బయటికి తోస్తుంది. సుత్తి దెబ్బ బరువు ఆ కాలు గుండా నేలలోకి పోతుంది కాబట్టే ఎంత కొట్టినా తట్టుకుంటుంది, పోత ఇనుము బెంచ్ వైస్ మీద అలా కొడితే పగిలిపోతుంది.

కొనేముందు మర మొత్తం బయటికి తీసి చూడండి, ముఖ్యంగా అది ఎక్కే గొట్టం లోపలి చుట్లు. అవి అరిగిపోతే మిగతాది ఎంత బాగున్నా దండగే. తుప్పుకి కిరోసిన్ పోసి రెండు రోజులు వదిలేసి వైర్ బ్రష్‌తో రుద్దితే చాలు. స్ప్రింగ్‌ని మాత్రం ఎర్రగా కాల్చొద్దు, బిగువు పోతుంది.

బిగించడానికి లావుపాటి తుమ్మ మొద్దు బాగుంటుంది. కాలి కింద చీమకుర్తి గ్రానైట్ ముక్కకి చిన్న గుంట కొట్టించి పెడితే అసలు కదలదు. కొడవళ్లకి పదును పెట్టుకోవచ్చు, కడ్డీలు వంచుకోవచ్చు, దవడలకి రాగి రేకు తొడిగితే చెక్క పనికీ వాడుకోవచ్చు. కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో అయితే నెలకోసారి మరకి గ్రీజు తప్పనిసరి.