టెన్షన్ స్క్రూ జోలికి వెళ్లకముందు: ఇంటి కుట్టులో వచ్చే చిక్కులు

కుట్టు కాస్త తేడా వస్తే చాలు, చెయ్యి తిన్నగా పైదారం బిగువుని పెంచి తగ్గించే టెన్షన్ స్క్రూ మీదకే పోతుంది. అటు తిప్పి ఇటు తిప్పి, పావుగంటలో అది మొదట ఎక్కడుందో కూడా మర్చిపోతాం. నేను ఆ స్క్రూని చిట్టచివర ముట్టుకుంటాను. దానికంటే ముందు అనుమానించాల్సినవి చాలా ఉన్నాయి. కొన్ని పొరపాట్లయితే మిషన్ దగ్గర కూర్చోకముందే, కత్తెర పట్టినప్పుడే జరిగిపోయి ఉంటాయి.

గుడ్డ అడుగున దారం ఉండకట్టుకుపోతోంది

పైన కుట్టు బాగానే కనిపిస్తుంది. తిప్పి చూస్తే చింపిరి జుట్టులా ఉంటుంది. ఉండ అడుగున ఉంది కాబట్టి అందరూ అడుగు దారం చుట్టి ఉండే బాబిన్‌నే తిడతారు. తప్పు చాలాసార్లు పైదారానిది. అది టెన్షన్ బిళ్లల మధ్యకి దిగకపోతే దాన్ని బిగపట్టేదేమీ ఉండదు. కిందికి ఎంత లాగితే అంత వదులుగా జారి, అక్కడే పోగుపడుతుంది.

ఎందుకు దిగలేదంటే, సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదాన్ని దించి ఉంచి దారం ఎక్కించాం. పాదం దించితే బిళ్లలు బిగుసుకుంటాయి, లేపితే విడిపోతాయి. దారం మొత్తం తీసేసి, పాదం లేపి మొదటినుంచీ ఎక్కించండి. సూదిలోకి పోనిచ్చే ముందు ఒకసారి లాగి చూడండి, ఇట్టే జారాలి. పాదం దించి మళ్లీ లాగండి, గట్టిగా పట్టేయాలి. రెండుసార్లూ ఒకేలా జారిందంటే దారం బిళ్లల్లోకి పోలేదన్నమాట. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసల్నీ పాదం వెనక్కి తీసి వేళ్లతో పట్టుకుంటే మొదటి నాలుగు కుట్లూ చిక్కుపడవు.

ఇవన్నీ అయ్యాకే బాబిన్ సంగతి. బాబిన్ పెట్టేది విడిగా బయటికి వచ్చే ఇనప కేస్ అయితే దాన్ని దారంతో వేలాడదీయండి. ఉన్నచోటే నిలబడి, చెయ్యి చిన్నగా విదిలిస్తే కొద్దిగా కిందికి జారితే సరిగ్గా ఉన్నట్టు.

మధ్యమధ్యలో కుట్లు తప్పుతున్నాయి

సూది మార్చండి. వంగిందో, మొద్దుబారిందో కంటికి తెలియదు. గుడ్డలోకి దిగేటప్పుడు టక్కు టక్కుమని చప్పుడు వస్తే మాత్రం దాని పని అయిపోయినట్టే. పలచటి గుడ్డకి 9 లేదా 11, మామూలు నూలుకి 14, జీన్స్‌లాంటి మందానికి 16 లేదా 18 నంబరు పెట్టుకోవాలి. టీషర్టు గుడ్డలా సాగేదైతే బాల్ పాయింట్ సూది. దాని మొన గుండ్రంగా ఉండి, పోగుని పొడవకుండా పక్కకి నెట్టుకుంటూ పోతుంది.

కొత్త సూది పెట్టినా తప్పుతుంటే అది తిరగబడి ఉండొచ్చు. సూది పొడవునా గోటిని జార్చి చూడండి, ఒకవైపు పొడవాటి గాడి తగులుతుంది. దారం ఆ గాడి వైపు నుంచే కన్నంలోకి వెళ్లాలి. సూదిని పైకి తగిలేదాకా నెట్టి, తర్వాతే స్క్రూ బిగించండి.

పలచటి గుడ్డ కుట్టు వెంట ముడుచుకుపోతోంది

సన్న సూది, సన్న దారం పెట్టండి. గుడ్డని పాదానికి ముందూ వెనకా రెండు చేతులతో కొద్దిగా బిగువుగా పట్టుకోండి, లాగొద్దు. అయినా ముడుచుకుంటే అడుగున పలచటి కాగితం పట్టీ పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. ఇంత చేసినా పోకపోతే అప్పుడు పైదారం టెన్షన్ కాస్త తగ్గించండి. ఆ స్క్రూకి పని పడేది ఇదిగో, ఇక్కడ.

మెడ జోలగా వేలాడుతోంది

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. కొలత సరిగ్గానే ఉంటుంది, కత్తిరింపూ సరిగ్గానే ఉంటుంది. వేసుకుంటే మాత్రం మెడ ఒంటికి అంటుకోదు. కారణం గుడ్డ పోగులో ఉంది. గుండ్రటి మెడ వంపులో కొంతభాగం ఐమూలగా, అంటే పోగుకి ఏటవాలుగా తెగుతుంది. ఐమూల అంచు ఎంత లాగితే అంత సాగుతుంది. కత్తిరించాక భుజాలు కలపడం, ఒంటిమీద పెట్టి చూసుకోవడం, కుర్చీ మీద ఆరేయడం, ఇలా చెయ్యి తగిలినప్పుడల్లా అది కాస్త కాస్త పెరుగుతూనే ఉంటుంది.

అందుకే కత్తిరించగానే చేయాల్సిన మొదటి పని, మెడ చుట్టూ ఒక వరస మామూలు కుట్టు వేయడం. దీన్నే స్టే స్టిచ్ అంటారు. అసలు కుట్టు గీతకి 2, 3 మి.మీ. బయటికి, అంచు వైపున వేయాలి. భుజం దగ్గర మొదలుపెట్టి మెడ మధ్యకి, మళ్లీ అవతలి భుజం నుంచి మధ్యకి రావాలి. ఏకబిగిన చుట్టేస్తే ఒక పక్కకి లాగేస్తుంది.

ఇప్పటికే సాగిపోతే మెడ పట్టీ విప్పేయండి. అంచున 4 మి.మీ. పొడవు కుట్టు వేసి, అడుగు దారాన్ని మెల్లగా లాగుతూ కొలతకి తెచ్చుకోండి. కుచ్చులు పడకూడదు. ఆవిరి ఇస్త్రీని పైన ఆనించి ఎత్తండి, రుద్దితే మళ్లీ సాగుతుంది. నూలు బాగానే మాట వింటుంది, పాలిస్టర్ అంతగా లొంగదు.

చెయ్యి ఎత్తితే బట్ట మొత్తం పైకి వస్తోంది

చంక బిగువుగా ఉందనుకుని ఇంకా లోతుగా తీసేస్తాం. నేనూ ఒక టాప్‌కి రెండుసార్లు తీశాను. తీసినకొద్దీ మరీ పట్టేసింది. చంక ఎంత కిందికి దిగితే, చెయ్యి ఎత్తినప్పుడు అంతమేర పక్క భాగాన్ని వెంట లాక్కుపోతుంది. మీ కేసు ఏదో తెలుసుకోవడం తేలికే. చంకలో చర్మం ఒరుసుకుంటుంటే అర సెంటీమీటరు తీయండి. ఒరుసుకోకుండా బట్ట మాత్రమే పైకి లేస్తుంటే కత్తెర పక్కన పెట్టండి. తెగిన గుడ్డ తిరిగి రాదు కాబట్టి చంక కింద డైమండ్ ఆకారంలో చిన్న ముక్క అతకడమే దారి. ఈసారి కత్తిరించేటప్పుడు చంకని పైకి ఉంచండి.

అంబ్రెల్లా స్కర్టు అంచు ఒకచోట దిగింది, ఒకచోట లేచింది

ఐమూల భాగం తన బరువుకే సాగుతుంది. నడుం పట్టీ కుట్టాక ఒక రోజంతా వేలాడదీసి, తర్వాత వేసుకుని నిలబడి, నేల నుంచి స్కేలుతో ఇంకొకరి చేత చుట్టూ గుర్తులు పెట్టించుకోండి. హెమ్మింగ్ ఆ తర్వాతే.

ఉతికాక పక్క కుట్టు ముందుకి తిరిగిపోయింది

దీనికి మందు లేదు. పోగు వంకరగా ఉండగానే కత్తిరించేశారు. కొత్త గుడ్డని ముందే ఉతికి ఆరేయండి, దాంతో కుదింపు కూడా అక్కడే తేలిపోతుంది. మీటరుకి 3 సెం.మీ. తగ్గినా నడుం దగ్గర తేడా తెలిసిపోతుంది. తర్వాత అంచు దగ్గర ఒక అడ్డపోగుని సూదితో లేపి, ఈ చివర నుంచి ఆ చివరకి లాగండి. పోగు పోయినచోట సన్నటి గీత పడుతుంది, దాని వెంట కత్తిరించి గుడ్డని బల్ల మూలకి ఆనించండి. మూల కుదరకపోతే, గుడ్డని కాస్త తడిపి, ఐమూలగా ఎదురెదురుగా ఉన్న మూలల్లో దూరం తక్కువున్న రెండింటినీ ఇద్దరు పట్టుకుని లాగి, తడి ఆరకముందే ఇస్త్రీ చేయండి.